హెచ్ పైలోరీ టెస్టుకి వెళ్లే ముందు గ్యాస్ మాత్ర ఆపారా?

కడుపులో మంట, రెండు ముద్దలు తినగానే ఉబ్బరం, నెలల తరబడి ఇదే బాధ అయితే మెడికల్ షాపులో పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర కొనుక్కుని నెట్టుకురాకండి, హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందేమో చూడమని డాక్టర్‌ని అడగండి. టెస్టు కష్టమేం కాదు. సరిగ్గా సిద్ధమై వెళ్లకపోతేనే తప్పు రిపోర్టు వస్తుంది. మా నాన్న పొద్దున్నే మాత్ర వేసుకుని వెళ్లారు, ఆపాలని ఎవరూ చెప్పలేదు, నెగెటివ్ వచ్చింది, ఇంకో ఏడాది అదే మంటతో గడిపారు. రెండోసారి మాత్ర ఆపి చేయిస్తే పాజిటివ్.

కాబట్టి పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ లాంటివి టెస్టుకి 2 వారాల ముందు ఆపాలి. యాంటీబయాటిక్స్, బిస్మత్ అనే కడుపు మందు అయితే 4 వారాల ముందు. అల్సర్ (కడుపులో పుండు) నుంచి రక్తం పోయినవాళ్లు, గుండెకి ఆస్పిరిన్ వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా గ్యాస్ మాత్ర ఆపొద్దు.

నా ఓటు శ్వాస పరీక్షకే. పరగడుపున వెళ్లాలి, ముందు ఒక సంచిలోకి ఊదిస్తారు, గుర్తు పెట్టిన కార్బన్ ఉన్న యూరియా తాగిస్తారు, కాసేపు ఆగి మళ్లీ ఊదిస్తారు. ఈ బ్యాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైమ్‌తో యూరియాని విడగొట్టి అమోనియా తయారుచేసుకుంటుంది, కడుపులోని యాసిడ్ నుంచి తనను కాపాడుకునేది దాంతోనే. అలా విడగొట్టినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఆ గుర్తుతో సహా మన ఊపిరిలో కలిసి దొరికిపోతుంది. మలంలో యాంటీజెన్ (ఆ బ్యాక్టీరియా తాలూకు ప్రోటీన్) చూసే పరీక్ష కూడా మంచిదే. రక్తంలో యాంటీబాడీలు చూసేదాన్ని నమ్ముకోవద్దు, జబ్బు తగ్గాక కూడా అది చాలాకాలం పాజిటివ్ చూపిస్తుంది. బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా, మింగడం కష్టమైనా ఇవన్నీ పక్కన పెట్టి నేరుగా ఎండోస్కోపీకి (గొట్టంతో కడుపు లోపల చూసే పరీక్షకి) వెళ్లండి.

ఒక బ్యాక్టీరియా కోసం ఇంత హడావిడి ఎందుకంటే, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే డాక్టర్లు ఈ బ్యాక్టీరియా సంగతి చెప్పేదాకా అల్సర్‌కి కారణం టెన్షన్, కారం అనే అందరూ అనుకునేవారు. మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియాని తనే తాగి కడుపు లోపలి పొరకి వాపు తెచ్చుకుని మరీ చూపించాడు, 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి గుంపులో, అంటే క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటిలో చేర్చింది. కొన్ని రకాల హెచ్ పైలోరీకి సూది లాంటి ఏర్పాటు ఉంటుంది, దాంతో క్యాగ్‌ఏ అనే ప్రోటీన్‌ని కడుపు లోపలి పొర కణాల్లోకి ఎక్కిస్తుంది. అది లోపలికి వెళ్లి, కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే బిగువుని సడలించి, పెరగమనే సంకేతాలని ఆగకుండా నడిపిస్తుంది. దానికి తోడు ఏళ్ల తరబడి ఉండే వాపు వల్ల డీఎన్‌ఏ దెబ్బతింటూ ఉంటుంది. ఈ బ్యాక్టీరియా ఉన్నవాళ్లలో క్యాన్సర్ వచ్చేది చాలా కొద్దిమందికే, పాజిటివ్ అని చూసి భయపడిపోకండి, కానీ వదిలేయకండి కూడా.

మందులు సాధారణంగా 14 రోజులు, రెండు మూడు యాంటీబయాటిక్స్, యాసిడ్ తగ్గించే మాత్ర, కొందరికి బిస్మత్ కూడా. నోరు చేదుగా ఉంటుంది, బిస్మత్ వాడితే మలం నల్లబడుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. వాటిలో మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఉంటే మద్యం ముట్టుకోవద్దు. అయిదో రోజు మంట తగ్గిందని మానేస్తే మాత్రం మిగిలిన బ్యాక్టీరియా ఆ మందులకి మొండిదై కూర్చుంటుంది, తర్వాత వేరే కోర్సు వెతుక్కోవాలి. పాతసారి ఏ యాంటీబయాటిక్స్ వాడారో ఆ చీటీ దాచుకోండి, రెండో కోర్సు రాసే డాక్టర్‌కి అదే ఆధారం.

కోర్సు అయిపోయిన 4 వారాలకి, మళ్లీ గ్యాస్ మాత్ర 2 వారాలు ఆపి, ఇంకోసారి శ్వాస పరీక్ష చేయించండి. చాలామంది వదిలేసేది ఇక్కడే. ఎండోస్కోపీలో ముక్క తీసి ఉంటే బయాప్సీ రిపోర్టు కూడా చదవండి, అందులో ఇంటెస్టైనల్ మెటాప్లేషియా (కడుపు లోపలి పొర పేగు పొరలా మారడం) అని ఉంటే, లేదా ఇంట్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చి ఉంటే, మళ్లీ ఎండోస్కోపీ ఎప్పుడు చేయాలో డాక్టర్‌ని అడిగి ఆ తేదీ అక్కడే రాయించుకోండి.