చుట్టాలకు చుట్టలు: పొయ్యి వెలిగించని విందు, మూడో పాఠం

గత పాఠంలో పెరుగును గుడ్డలో కట్టి వేలాడదీయడం, ఆవపిండిని చన్నీళ్ళతో తడిపి ఘాటు రప్పించడం నేర్చుకున్నాం. ఆ రెండింటికీ ఈ రోజు పని పడుతుంది. కీర దోసను సన్నని పట్టీలుగా తీసి, లోపల చేప ముద్ద పెట్టి, ఒక్క నోటికి సరిపడే చుట్టలు చుడతాం. చుట్టలు చుట్టడంలో ఉత్తరాంధ్రకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు, నిజమే. కానీ అక్కడ చుట్టేది పొగాకును. ఇక్కడ చుట్టేది నూటికి 95 పాళ్ళు నీళ్ళే ఉన్న కాయను. పాఠం మొదటి నుంచి చివరి దాకా మన పేచీ అంతా ఆ నీళ్ళతోనే.

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తరువాతి మంగళవారం జరుగుతుంది. ముందురోజు తొలేళ్ళకే బంధువులు దిగుతారు. అన్నం, పప్పు, పులిహోర, గంటకోసారి కాఫీ అంటూ పొయ్యికి తీరిక ఉండదు. అలాంటప్పుడు భోజనానికి ముందు ఒక పళ్ళెం చల్లని చుట్టలు ముందుగదిలో పెట్టగలిగితే వంటింటికి గంటసేపు ఊపిరి ఆడుతుంది. పండుగ నాడు నీసు ముట్టని ఇళ్ళవారు బుధవారం చేసుకోవచ్చు. చుట్టాలు అప్పటికీ కదలరు.

ముందు చేప సంగతి

వండని వంట అనగానే చాలామందికి వచ్చే సందేహం ఒకటే: తాజా చేపను పచ్చిగా పెట్టవచ్చా? వద్దు. చింతపల్లిలోనో ముక్కాంలోనో పొద్దున్నే పడవ దిగిన వంజరమైనా సరే, పచ్చిగా వద్దు. తాజాదనం వేరు, పురుగు లేకపోవడం వేరు. సముద్రపు చేపల కండలో అనిసాకిస్ అనే నులిపురుగు పిల్లలు దాగి ఉండవచ్చు. అవి కడుపు గోడలోకి చొచ్చుకుపోతే కడుపునొప్పి, వాంతులు తప్పవు. పచ్చి చేప తినే దేశాల్లో అందుకే దాన్ని మైనస్ 20 డిగ్రీల దగ్గర 7 రోజులు, లేదా మైనస్ 35 దగ్గర 15 గంటలు గడ్డకట్టించి ఉంచాలన్న నియమాలు పెట్టుకున్నారు. మన ఇంటి ఫ్రీజర్ ఎంత బాగా పనిచేసినా మైనస్ 18 దగ్గర ఆగుతుంది, అదీ కరెంటు ఉన్నంతసేపు. నిమ్మరసంలో నానబెడితే సరిపోతుందని కొందరి ధీమా. నిమ్మ పులుపుకు చేప కండ తెల్లబడి ఉడికినట్టే కనిపిస్తుంది, కానీ పురుగు చావదు. ఎండు చేప, ఉప్పు చేప కూడా వేపకుండా ఇందులో పనికిరావు.

మరి ఏది పనికివస్తుంది? డబ్బా ట్యూనా. చేపను డబ్బాలో పెట్టి మూత బిగించాక ఆవిరి ఒత్తిడిలో సుమారు 121 డిగ్రీల దాకా వేడి చేస్తారు. ఇంచుమించు మన ప్రెషర్ కుక్కర్ లోపల ఉండే వేడే అది. అంటే ఆ చేప ఉడికినదే. వంట మన ఇంట్లో కాక కర్మాగారంలో జరిగింది, అంతే. నూనెలో నిల్వ చేసినది రుచిగా ఉంటుందని ఒప్పుకుంటాను, అయినా ఈ పనికి ఉప్పునీళ్ళలో నిల్వ చేసినదే కొనండి. నూనె పట్టిన ముద్ద కీర పట్టీ మీద జారిపోతుంది. కొనేటప్పుడు డబ్బాను చేత్తో తడిమి చూడండి. ఉబ్బినా, అతుకు దగ్గర సొట్ట పడినా, తుప్పు పట్టినా పక్కన పెట్టేయండి. ఉబ్బిన డబ్బాను తెరిచి వాసన చూసి తేల్చుకుందామన్న ఆలోచన అసలే వద్దు, బోట్యులినమ్ విషానికి వాసన ఉండదు.

డబ్బా చేప నచ్చనివారికి ఒక సడలింపు ఇస్తాను. పొద్దున ఇడ్లీలు దించిన తరువాత అదే పాత్రలో వంజరం ముక్కలు పది నిమిషాలు ఆవిరికి పెట్టండి. వేలితో నొక్కితే కండ రేకులు రేకులుగా విడిపోవాలి, మధ్యలో గాజులాంటి మెరుపు ఉండకూడదు. ముల్లు తీసి, చల్లార్చి, వెంటనే ఫ్రిజ్‌లోకి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. సూర, కానాగంత లాంటి చేపలు మంచు లేకుండా ఎండలో ఉంటే వాటిలో హిస్టమిన్ పుడుతుంది. తరువాత ఎంత ఉడికించినా అది పోదు. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, దద్దుర్లు లేచి, తలనొప్పి వస్తుంది. కాబట్టి బుట్టలో మంచు లేని చోట బేరం ఎంత బాగున్నా ముందుకు నడవండి.

పట్టీలు తీయడం

ఇరవై, ఇరవై రెండు చుట్టలకు రెండు కీర దోసకాయలు చాలు. నిటారుగా, గట్టిగా ఉన్నవి, నాలుగు సెంటీమీటర్లకు మించని లావువి చూసుకోండి. లావెక్కిన కాయలో గింజ ముదిరి ఉంటుంది, పట్టీ మధ్యలో చిల్లులు పడతాయి. రెండు కొసలూ కోసి, తొడిమ వైపు చిన్న ముక్క నాలుక మీద పెట్టుకోండి. చేదైతే కాయ మొత్తం పారేయాలి. కుకర్బిటాసిన్ అనే పదార్థం వల్ల వచ్చే చేదు అది, ఉప్పుతో కడిగితే పోదు. సొరకాయతో ఇదే చుట్ట చేయవచ్చా అని అడగబోయేవారికి కూడా ఇదే జవాబు. చేదు సొరకాయ రసం తాగి ఆసుపత్రి పాలైనవారు మన దేశంలో ఉన్నారు. పచ్చి సొరకాయ జోలికి పోకండి.

కాయను తాగే నీళ్ళతో కడిగి, తుడిచి, పలక మీద పడుకోబెట్టండి. తొక్క తీసే పీలరును ఒక కొస నుంచి రెండో కొస దాకా ఆపకుండా, ఒకే ఒత్తిడితో లాగాలి. మధ్యలో ఆగితే అక్కడ మెట్టు పడుతుంది, చుట్టేటప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది. మొదటి పట్టీ అంతా తొక్కే, దాన్ని పక్కన పడేయండి. రెండోది సన్నగా వస్తుంది. మూడో దాని నుంచి మూడు సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది, మనకు కావలసింది అది. గింజలు కనిపించగానే కాయను తిప్పి అవతలి వైపు మొదలుపెట్టండి. మధ్యలో మిగిలిన గింజల దుంగను తరిగి పెరుగు పచ్చడిలో వేసుకోండి. ఒక్కో కాయకు పది, పన్నెండు మంచి పట్టీలు రావాలి.

మందం ఎంత? పట్టీని వార్తాపత్రిక మీద పరవండి. అక్షరాలు మసకగా కనిపించాలి, చదవడానికి మాత్రం రాకూడదు. స్పష్టంగా చదవగలిగితే పట్టీ మరీ పలచన, తడికి చిరుగుతుంది. అసలేమీ కనిపించకపోతే మందం ఎక్కువ, చుట్టిన చుట్ట మళ్ళీ విచ్చుకుంటుంది.

ఇప్పుడు పట్టీలను శుభ్రమైన నూలు గుడ్డ మీద పక్కపక్కనే పరిచి, పైనుంచి చిటికెడు మెత్తని ఉప్పు చల్లండి. పది నిమిషాలు వాటి మానాన వాటిని వదిలేయండి. ఐదో నిమిషానికి పట్టీ మీద చెమట పట్టినట్టు సన్నని బొట్లు తేలతాయి. కీర కణాల లోపలి నీటిని ఉప్పు బయటకు లాగుతోందన్నమాట. నీరు పోయిన పట్టీ బిగువు వదిలి, వేలికి చుడితే చుట్టుకునేంత మెత్తబడుతుంది. పైన ఇంకొక పొడి గుడ్డ కప్పి అరచేత్తో అద్దండి. పిండకూడదు. అద్దిన తరువాత ఒక పట్టీని కొరికి చూడండి. ఉప్పు ఎక్కువనిపిస్తే చేప ముద్దలో ఉప్పు పూర్తిగా మానేయాలి. డబ్బా చేపలో ఉప్పు ఎలాగూ ఉంటుంది, కాబట్టి ముద్దలో అసలు వేయకపోవడమే నా పద్ధతి.

చేప ముద్ద

సుమారు 180 గ్రాముల డబ్బాలో నీళ్ళు వంచేస్తే 120, 130 గ్రాముల చేప మిగులుతుంది. టీ వడపోసే జల్లెడలో వేసి గరిటె వెనుక భాగంతో గట్టిగా నొక్కండి. మీకు చాలనిపించిన తరువాత ఇంకొకసారి నొక్కండి. వంచిన నీళ్ళు వీధి పిల్లికి విందు కావు, ఉప్పు ఎక్కువ, పారబోయండి.

దానికి మూడు పెద్ద చెంచాల వేలాడదీసిన పెరుగు, రెండు చెంచాల సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ, గుప్పెడు కొత్తిమీర, మామిడి కాలమైతే చెంచాడు పచ్చిమామిడి కోరు, కాకపోతే సగం నిమ్మచెక్క రసం. ఉల్లిపాయనూ మామిడి కోరునూ వేసేముందు పిండాలి. కొత్తిమీరను కడిగిన వెంటనే తరగకండి, ఆరనివ్వండి.

అర చెంచా ఆవపిండి ఈ ముద్దకు ప్రాణం. క్రితంసారి చెప్పినది మరచిపోకండి. ముందు చన్నీళ్ళతో తడిపి పది నిమిషాలు ఆగాలి, ఆ తరువాతే పెరుగు, నిమ్మరసం. ఆవలో ఘాటు పుట్టించే ఎంజైము నీళ్ళు తగిలితే మేలుకుంటుంది, వేడికి చస్తుంది, పులుపుకు మందగిస్తుంది. పొడిని నేరుగా పెరుగులో కలిపితే ఘాటు రాకుండా చేదు ఒక్కటే మిగులుతుంది. ఆవ పెట్టిన కూర వండే చేతులకు ఇది కొత్త కాదు. డబ్బా చేపకు ఉండే ఆ చప్పిడి వాసనను ఆవఘాటు కప్పేసినంత బాగా మిరియాలు కప్పలేవు.

చివరగా తేమను పీల్చే పదార్థం ఒకటి కావాలి. పుస్తకాలు రొట్టె పొడి వేయమంటాయి. మనకు వేయించిన నువ్వుల పొడి ఉండగా రొట్టె పొడి ఎందుకు? ఒక పెద్ద చెంచా చాలు. ఇంట్లో పలాస జీడిపప్పు ఉంటే కచ్చాపచ్చాగా దంచి ఇంకో చెంచా కలపండి. కీర కరకరలాడుతుంది, జీడిపప్పు పంటికి మెత్తగా తగులుతుంది, మధ్యలో చేప. విందుకు వచ్చినవారు అందులో ఏమి వేశారని అడిగేది ఈ జీడిపప్పు వల్లే.

ముద్ద సరిగ్గా కుదిరిందో లేదో పరీక్షించాలి. చెంచాడు తీసి స్టీలు పళ్ళెం మీద కుప్పగా పెట్టి ఐదు నిమిషాలు ఆగండి. చుట్టూ నీటి వలయం ఊరకపోతే ముద్ద సిద్ధం. ఊరితే ఇంకో అరచెంచా నువ్వుల పొడి వేసి మళ్ళీ చూడండి. ఈ పరీక్ష దాటని ముద్దను చుట్టల్లో పెడితే పావుగంటలో పళ్ళెం చెరువవుతుంది.

చుట్టడం

పట్టీ మీద ముద్ద రాసి చాప చుట్టినట్టు చుట్టమని చాలాచోట్ల చెబుతారు. చేయి తిరిగినవారికి అది బాగానే వస్తుంది. కొత్తవారికి మొదటి మలుపులోనే ముద్ద పక్కలకు పొంగుతుంది. అందుకే నేను ముందు ఖాళీ వలయం చుట్టమంటాను. చూపుడువేలు, మధ్యవేలు జంటగా పట్టుకుని పట్టీని వాటి చుట్టూ వదులుగా తిప్పండి. రెండు చుట్లు తిరగాలి. చివరి కొసను బొటనవేలితో రెండు క్షణాలు అదిమితే, పట్టీలో మిగిలిన తడికి అదే అంటుకుంటుంది. వేళ్ళు నెమ్మదిగా లాగి, వలయాన్ని పళ్ళెంలో నిలబెట్టి, చిన్న చెంచాతో ముద్ద నింపండి. ఒక్కో దానికి పది గ్రాములకు మించనక్కరలేదు. పైన కొంచెం గోపురంలా లేస్తే అందం, కారితే కాదు. చుట్టల అతుకులు ఒకదానికొకటి ఆనుకునేలా పేరిస్తే పుల్లలు గుచ్చే పని ఉండదు. పుల్లలు నాకు నచ్చవు, పిల్లలున్న ఇంట్లో మరీను.

కీర దొరకని రోజున క్యారెట్ పట్టీలు వాడవచ్చు. అవి బిరుసు కాబట్టి ఉప్పులో ఇరవై నిమిషాలు ఉంచాలి. క్యాబేజీ ఆకులనైతే ఒక రాత్రి ఫ్రీజర్లో పెట్టి కరగనిస్తే ఉడికించకుండానే మెత్తబడతాయి. పాలకూర పరవాలేదు. తమలపాకు వద్దు, అది చేపను మింగేస్తుంది.

వేళలు

ముద్ద పొద్దున్నే కలిపి ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు ఉంచవచ్చు. పట్టీలు రెండు గంటల ముందు తీసి పొడి గుడ్డలో చుట్టి అక్కడే పెట్టవచ్చు. రెండింటినీ కలపడం మాత్రం అతిథులు చెప్పులు విప్పుతుండగానే. చుట్టిన తరువాత అరగంట దాటితే కీర మళ్ళీ నీరు వదలడం మొదలుపెడుతుంది.

బయట పెట్టాక రెండు గంటల లోపు అయిపోవాలి. గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. మే నెలలో మన దగ్గర ఆ గంట కూడా ఎక్కువే అనుకుని, వెడల్పు బేసినులో మంచుముక్కలు పోసి దాని మీద స్టీలు పళ్ళెం ఉంచండి. మొత్తం ఒకేసారి తేకుండా సగం సగం తెండి. మిగిలినవి రాత్రికి దాచుకుందామని అత్తగారు అన్నా సరే, బయట ఎండకు ఉన్నవి దాచకండి. తెరిచిన డబ్బాలో మిగిలిన చేపను గాజు గిన్నెలోకి మార్చి, మూతపెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి, రెండు రోజుల్లో తినేయాలి.

శాకాహారులు ఉంటే వారి చుట్టలు ముందు చుట్టి, వేరే పళ్ళెంలో, వేరే చెంచాతో నింపండి. చేపకు బదులు తురిమిన పనీరు వేస్తే తక్కిన పద్ధతంతా ఇదే.

వచ్చే పాఠానికి అభ్యాసం

చేప కొనకండి. రెండు కాయలు తెచ్చుకుని పట్టీలు మాత్రం తీయండి, పత్రిక మీద పరిచి మందం చూడండి, ఉప్పు చల్లి, అద్ది, ఖాళీ వలయాలు చుట్టి నిలబెట్టండి. పావుగంట తరువాత ఎన్ని నిలబడ్డాయో, ఎన్ని విచ్చుకున్నాయో రాసుకోండి. విచ్చుకున్నవి మందం వల్లనా, ఉప్పు చాలకనా అన్నది పట్టీని వంచి చూస్తే తెలుస్తుంది: విరిగితే ఉప్పు చాలలేదు, వంగి మళ్ళీ లేస్తే మందం ఎక్కువ. నాలుగో పాఠంలో ఇవే చుట్టలను యాభై మందికి చేయాల్సి వస్తే పనిని ఎవరెవరికి ఎలా పంచాలో, మంచు ఎంత తెప్పించాలో చూద్దాం.