రకూన్లు దూరకుండా ఇంటి చూరును గట్టిపరచుకోవడం

రకూన్ అనేది ఉత్తర అమెరికాలో ఇళ్ల అటకల్లోకి దూరి పిల్లలను పెట్టే ఒక అడవి జంతువు. అక్కడి ఇళ్లకు చూరు కింద బిగించే వినైల్ లేదా పల్చటి అల్యూమినియం పలకలను సాఫిట్ అంటారు. మన పెంకుటిళ్ల చూరు కింద వాసాలు బయటికి కనిపిస్తూనే ఉంటాయి. అక్కడ వాటిని ఈ పలకలతో మూసి, పలకల్లోని సన్నని రంధ్రాల గుండా అటకలోకి గాలి ఆడేలా చేస్తారు. ఇవి వానను, పురుగులను ఆపడానికి ఉద్దేశించినవే గాని, జంతువు బలాన్ని తట్టుకోవడానికి కాదు. చాలా ఇళ్లలో పలక అంచులు గాడిలో కూర్చుని ఉంటాయి, అంతే. ఎదిగిన రకూన్ ముందు కాళ్లతో, భుజంతో పైకి నెడితే పలక గాడిలోంచి ఊడి వస్తుంది. కాబట్టి బలం పలకకు కాదు, దాని వెనుక ఉన్న ఖాళీకి చేకూర్చాలి.

అయితే లోపల ఏ జంతువూ లేదని రూఢి చేసుకోకుండా ఒక్క మర కూడా బిగించవద్దు. రకూన్లు ఎక్కువగా మార్చి నుంచి మే వరకు ఈనుతాయి. పిల్లలు సుమారు 8 వారాల దాకా తల్లి వెంట బయటికి రాలేవు. తల్లి మేతకు వెళ్లిన వేళ దారి మూసేస్తే పిల్లలు లోపల ఆకలితో చనిపోతాయి, తల్లి వాటిని చేరుకోవడానికి కప్పును మరోచోట చీల్చుతుంది. ఇది క్రూరమూ, ఖర్చుతో కూడినదీ. నలిపిన వార్తాపత్రికలను జంతువు దూరే కంతలో వదులుగా కుక్కి 2, 3 రాత్రులు గమనించండి. అవి కదలకపోతే, అటకలో పిల్లల అరుపులు కూడా వినిపించకపోతే, అది ఖాళీగా ఉన్నట్టు భావించవచ్చు. గడ్డకట్టే చలిలో మాత్రం రకూన్లు రోజుల తరబడి కదలవు గనుక అప్పుడు ఈ పరీక్షను నమ్మరాదు. పిల్లలు ఉంటే అవి ఎదిగి వెళ్లేదాకా ఆగండి, లేదా లైసెన్సు ఉన్న వన్యప్రాణి నిపుణులను పిలవండి. బోనులో పట్టి దూరంగా వదలడం అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో నిషిద్ధం. కెనడాలోని ఒంటారియోలో పట్టిన చోటు నుంచి 1 కిలోమీటరు దాటి వదలకూడదు.

అటకలో వాటి పెంట కనిపిస్తే ఊడ్చవద్దు. అందులో మనుషుల మెదడుకు హాని చేయగల ఒక ఏలికపాము గుడ్లు ఉండవచ్చు. చేతి తొడుగులు, ఎన్95 మాస్కు ధరించి, తడిపిన తరువాతే ఎత్తివేయాలి.

ఇక అసలు పని. వినైల్ చలికి పెళుసుబారుతుంది కాబట్టి వెచ్చని రోజును ఎంచుకుని, పలకలను గాడిలోంచి జాగ్రత్తగా తీయండి. ఖాళీకి అర అంగుళం గళ్లున్న, 16 గేజి గాల్వనైజ్డ్ ఇనుప జాలీని కొలిచి కత్తిరించండి. కోళ్ల గూళ్లకు వాడే పల్చటి వలను రకూన్ చింపేస్తుంది, దానికి డబ్బు వృథా చేయవద్దు. జాలీని వెడల్పాటి వాషర్లున్న మరలతో సుమారు 6 అంగుళాలకొకటి చొప్పున వాసాల కొసలకు, ఫాషియా (చూరు అంచున నిలువుగా బిగించే పలక) వెనుక చెక్కకు బిగించాలి. గోడ వైపు చెక్క లేకపోతే ముందు ఒక చెక్క పట్టీని గోడ లోపలి నిలువు చెక్కలకు బిగించి, దానికి జాలీని పట్టించండి. ముక్కలు కలిసే చోట 2 అంగుళాలైనా ఒకదానిమీద ఒకటి రావాలి. తరువాత పలకలను తిరిగి అమర్చవచ్చు. జాలీ బదులు ప్లైవుడ్‌తో అంతా మూసేయాలనిపిస్తుంది గాని, గాలి ఆగితే అటకలో తేమ చేరి చెక్క కుళ్లుతుంది.

ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది కింది అంతస్తు కప్పు వాలు పై అంతస్తు చూరును తాకే మూల. కప్పుమీద నిలబడిన రకూన్‌కు అక్కడ వీపుతో నెట్టడానికి కావలసినంత ఆసరా దొరుకుతుంది. ఆ మూలలో జాలీకి తోడు వంచిన రేకును కూడా చెక్కకు బిగించండి. కింది కప్పుమీద పరిచిన షింగిల్స్‌కు (పెంకుల్లాంటి పల్చటి బిళ్లలు) మాత్రం మరలు వేయవద్దు, వాననీరు దిగుతుంది.

ఫాషియా కుళ్లి ఉంటే మర పట్టదు, కాబట్టి కారుతున్న గట్టర్‌ను (చూరు అంచున వాననీటిని పట్టే తొట్టి కాలువను) బాగుచేసి ఆ చెక్కను ముందే మార్చాలి. కప్పుకు 6 నుంచి 8 అడుగుల లోపు ఉన్న కొమ్మలను కొట్టించండి. నిచ్చెన వేసేటప్పుడు ఇంట్లోకి వచ్చే కరెంటు తీగలకు దూరంగా ఉండండి. ఒకరు కింద పట్టుకుని ఉండాలి. ఏటా ఫిబ్రవరి నాటికి, అంటే ఈనే కాలానికి ముందే, ప్రతి మూలనూ కింది నుంచి ఒకసారి పరిశీలించి, సడలిన మరలను బిగించుకోండి.