కందిరీగ గూడుతో రెసిన్ లాకెట్: బుడగలు, నల్లబడటం ఇలా ఆగాయి

లాకెట్ కోసం ఖాళీ కందిరీగ గూడు ముక్కను ఎపాక్సీ రెసిన్‌లో (పోశాక గాజులా గట్టిపడే ద్రవంలో) పెడితే, బూడిద రంగు చారలు తడిసిన కాగితంలా నల్లబడిపోయేవి. రెసిన్ గట్టిపడేదాకా అరల్లోంచి బుడగలు వస్తూనే ఉండేవి. రెసిన్‌ను గోరువెచ్చగా చేయడం, పైన మంట చూపించడం, బ్రాండ్ మార్చడం, ఏదీ పనిచేయలేదు.

అసలు కారణం గూడులోనే ఉంది. కందిరీగ చెక్క పీచును నమిలి, లాలాజలంతో కలిపి కట్టే కాగితం అది. రెసిన్‌ను పీల్చుకుని లోపలి గాలిని బయటికి తోసేస్తుంది. అందుకే ముందు ఆ కాగితంలోని సన్నని రంధ్రాలు మూయాలి.

బాగా ఆరిన గూడు తీసుకున్నాను. తెల్ల పీవీఏ జిగురులో (ఫెవికాల్ లాంటిది) అంతే నీళ్లు కలిపి, మెత్తటి బ్రష్‌తో అద్దాను. రుద్దితే చిరుగుతుంది, అద్దడమే. అరల లోపలి గోడలకు బ్రష్ కొనతో పట్టించాను. తెల్లదనం పూర్తిగా పోయాకే రెండో పూత వేసి, రాత్రంతా ఆరనిచ్చాను. తర్వాత అరల నోళ్లు పైకి ఉండేలా అచ్చులో పెట్టి, టూత్‌పిక్‌తో ఒక్కో అర గోడ వెంబడి రెసిన్‌ను చుక్కచుక్కగా జార్చాను. గాలి రెండో పక్కనుంచి పోవాలి కదా, ఇక్కడ తొందరపడకూడదు. ఆ పొర కాస్త బిగిశాకే మిగతా రెసిన్ పోశాను. చారలు నిలిచాయి! రంగు కొద్దిగా ముదిరింది కానీ, నాకు అదే అందంగా అనిపించింది.

ఇది అరలు తెరిచి ఉన్న కాగితపు గూటికి కుదిరింది. అన్ని రెసిన్లకూ ఇలాగే వస్తుందని చెప్పను, చిన్న ముక్కతో చూసుకోండి. మట్టి గూళ్లకు మాత్రం వద్దు, నీళ్ల జిగురుకు మట్టి మెత్తబడుతుంది.