అమెరికాలో కారులో పడుకోవడానికి చోటు: నేను వెతికే పద్ధతి

కారు వెనక సీట్లు మడిచి పరుపు వేసుకోవడం తేలికే. రాత్రికి ఎక్కడ ఆపాలన్నదే అసలు తలనొప్పి. యాప్‌లో ‘ఉచితం’ అని చూసి వెళ్తే అక్కడ ‘రాత్రి పార్కింగ్ నిషేధం’ బోర్డు! అందుకే ఇప్పుడు ముందు ఆ నేల ఎవరిదో చూస్తాను.

పడమటి రాష్ట్రాల్లో నాకు మొదటి దిక్కు బీఎల్ఎం అనే ఫెడరల్ శాఖ భూములు. మూసేసిన చోట్లు వదిలేస్తే చాలావాటిలో పైసా కట్టకుండా ఉండొచ్చు, మామూలుగా 28 రోజుల్లో 14 రోజుల దాకా. నేషనల్ ఫారెస్టుల్లోనూ చాలాచోట్ల ఉండనిస్తారు. కాకపోతే ఏ రోడ్డు మీదికి బండి వెళ్లొచ్చో అటవీశాఖ ఇచ్చే మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్‌లో చూసుకోవాలి. మ్యాప్ ఉచితమే గానీ, చూస్తే నలుపు తెలుపు గీతల చిక్కుముడి. ఓపిగ్గా చూడండి: రోడ్డుకు పక్కన చుక్కలుంటే, క్యాంపింగ్ కోసం ఆ వైపు కాస్త లోపలికి దిగొచ్చని గుర్తు. అనుమానం ఉంటే రేంజర్ ఆఫీసుకు ఫోన్ చేస్తాను. మంటలు వేయొచ్చో లేదో కూడా వాళ్లే చెప్తారు.

నేషనల్ పార్కులు మాత్రం వేరే లోకం. క్యాంప్‌గ్రౌండ్ బయట పార్కింగ్‌లో పడుకుంటే అర్ధరాత్రి అద్దం మీద కొట్టి లేపుతారు.

ప్రయాణం మధ్యలో కునుకు కోసమైతే రెస్ట్ ఏరియా చాలు. టెక్సస్‌లో 24 గంటలు, కాలిఫోర్నియాలో 8 గంటలు ఆగొచ్చు. కొన్ని రాష్ట్రాల్లో రాత్రి బస కుదరదు. స్టోర్ పార్కింగ్ అయితే మేనేజర్‌ని అడుగుతాను. ఆయన సరేనన్నా ఊరి చట్టం కాదంటే అక్కడ ఆగను.