రెండు లిపుల ఇంట్లో స్ట్రూప్ పరీక్ష ఎలా చేయాలి?

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో చాలా ఇళ్లల్లో మాట తెలుగు, చదువు ఒడియా. తెలుగు అక్షరాలు మాత్రమే వచ్చిన పెద్దవాళ్లుంటారు, తెలుగు గడగడా మాట్లాడుతూ ఒడియా మాత్రమే చదవగలిగే పిల్లలుంటారు. దీన్ని ఇబ్బందిగానే చెప్పుకుంటాం. కానీ మెదడు ధ్యాసను ఎలా నడుపుతుందో చూడాలంటే ఇంతకన్నా అనువైన ఇల్లు దొరకదు.

పరీక్ష పాతదే. అమెరికాలో జాన్ రిడ్లీ స్ట్రూప్ 1935లో ప్రచురించాడు. (ఆ మరుసటి ఏడే మా ఊరు మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో చేరింది.) "ఎరుపు" అనే మాటను నీలం సిరాతో రాసి, సిరా రంగు ఏమిటని అడగాలి, అంతే. ఆయన 100 మంది విద్యార్థుల చేత ఒక్కో కాగితానికి వందసార్లు రంగు పేరు చెప్పించాడు. ఉత్త రంగు గళ్లకు సగటున 63 సెకన్లు పడితే, ఇలాంటి మాటలకు 110 పట్టాయి.

ముందు స్కెచ్ పెన్నులు: ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు. పసుపు వద్దు, తెల్ల కాగితం మీద సరిగా కనబడదు. "పచ్చ" అనే మాట కూడా వద్దు. పచ్చకామెర్లలో పచ్చ పసుపే కదా, కొందరు తికమక పడతారు. "ఆకుపచ్చ" అనే చెప్పాలని ముందే అనుకోండి. ఎవరికైనా ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియకపోతే ఇక్కడే బయటపడుతుంది. వాళ్లకు టైము రాసే పని అప్పగించండి.

తర్వాత మూడు కాగితాలు, ఒక్కోదానిలో ఇరవై. మొదటిదానిలో ఉత్త రంగు గళ్లు. రెండోదానిలో తెలుగు రంగుల పేర్లు, ప్రతి పేరూ దానిది కాని రంగుతో. మూడోదానిలో ఒడియా పేర్లు (లాల, నీళ, సబుజ, కళా) ఒడియా లిపిలో, అదే పద్ధతిలో. ఇది పిల్లల చేతే రాయించండి. నేను రాస్తే మావాడు అక్షరాలు చూసి నవ్వడం మొదలుపెట్టాడు, పరీక్ష అక్కడే ఆగిపోయింది.

ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టండి. పక్కవాళ్లది వింటే అలవాటైపోతుంది. జవాబు ఎప్పుడూ తెలుగులోనే. తప్పు చెబితే దిద్దుకుని సాగాలి, సెల్లులో స్టాప్‌వాచ్ ఆపకూడదు. కాగితాల వరుస మనిషి మనిషికీ మార్చండి. లేకపోతే చివరి కాగితం తేలికైందా, చేయి తిరిగిందా అన్నది తేల్చలేరు. నేను మొదట ఈ తప్పే చేశాను.

తెలుగు కాగితం దగ్గర మా అమ్మ తడబడింది, "ఇదేం పరీక్షరా" అని విసుక్కుంది. ఒడియా కాగితం మాత్రం రంగు గళ్లంత సులువుగా చెప్పేసింది. ఆ అక్షరాలు ఆమెకు ముగ్గులతో సమానం. బడికెళ్లే వాడికి ఒడియా కాగితమే అడ్డుపడింది.

కారణం ఇది. చదవడం బాగా అలవాటయ్యాక మనం వద్దన్నా ఆగదు, కన్ను పడగానే మాట తలలో పలుకుతుంది. రంగు పేరు వెతుక్కోవడం దానికన్నా నెమ్మది. రెండూ నోటి దాకా వచ్చి పోటీపడితే, ఒకదాన్ని అణిచి రెండోదాన్ని నిలపాలి. ఆ పనిలో మెదడు ముందరి భాగాలు పాల్గొంటాయి, వాటి లోపలి వైపున ఉండే యాంటీరియర్ సింగ్యులేట్ అనే భాగం కూడా. రెండు లిపులూ చదివేవాళ్లకు రెండు కాగితాల దగ్గరా ఆలస్యమవుతుంది, జవాబు చెప్పే భాషలో రాసిన కాగితం దగ్గర సాధారణంగా ఎక్కువ.

ఒకటో తరగతి పిల్లలుంటే వాళ్ల కాగితాల మీద తేదీ వేసి దాచండి. ఇప్పుడు వాళ్లు ఒడియా కాగితాన్ని ఏ తడబాటూ లేకుండా దాటేయవచ్చు. మూడు నెలలకోసారి మళ్లీ పెట్టి చూడండి. ఒకరోజు అక్కడే నత్తినత్తిగా ఆగుతారు. ఆ రోజు తిట్టకండి, చదువు వచ్చేసింది.