స్కింక్‌లకు ఈటెలిస్తే ఎలా ఆడాలి: వార్‌హామర్ ఫాంటసీ 8వ ఎడిషన్

బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే యుద్ధ ఆట వార్‌హామర్ ఫాంటసీకి 2010లో వచ్చిన 8వ ఎడిషన్‌లో ఈటె 12 అంగుళాలు వెళ్తుంది, విసిరేవాడి బలంతోనే తగులుతుంది. విసిరే గొడ్డలికి 6 అంగుళాలే, కానీ బలం ఒకటి ఎక్కువ. రెండింటికీ 'క్విక్ టు ఫైర్' ఉంది. అంటే కదిలి విసిరినా తగిలే పాచికకు -1 పడదు, ఛార్జ్ చేసే (మీదికి దూసుకొచ్చే) శత్రువు ఎంత దగ్గరగా ఉన్నా 'స్టాండ్ అండ్ షూట్' (నిలబడి ఎదురు విసరడం) చేయొచ్చు. ఆ ప్రతిచర్యకుండే -1 మాత్రం పోదు, చాలామంది ఇది మర్చిపోతారు.

లిజార్డ్‌మెన్ (బల్లిమనుషుల) సైన్యంలోని చిన్న సైనికులు స్కింక్‌లు; వాళ్లలో విడివిడిగా తిరిగే స్కిర్మిషర్ల ఆయుధాలకుండే విషం ఈ లెక్క మీదే నడుస్తుంది. టు-హిట్ (తగిలిందో లేదో తేల్చే) పాచికలో 6 పడితే గాయం దానంతటదే అవుతుంది. అయితే తగలడానికి 7+ కావాల్సి వస్తే విషం పనిచేయదు. స్కింక్ BS (గురి నైపుణ్యం) 3, కాబట్టి మొదలు 4+, అంటే 4 లేదా అంతకంటే ఎక్కువ పడాలి. ఈటె పట్టుకుని కదిలి, 6 అంగుళాలు దాటిన గురి మీద విసిరితే దూరానికి -1 పడి 5+. విషం భద్రం. అదే దూరంలో, కదిలి, బ్లోపైప్‌తో (బాణాలు ఊదే గొట్టంతో) రెండేసి సార్లు ఊదితే కదలికకు, దూరానికి, రెండు షాట్లకు ఒక్కో -1 పడి 7+ అవుతుంది.

టఫ్‌నెస్ (దెబ్బను తట్టుకునే శక్తి) 6 ఉన్న రాక్షసిపై పదిమంది స్కింక్‌లను లెక్కేయండి. పై పరిస్థితిలో ఈటెలతో కవచానికి ముందు సగటున 1.9 గాయాలు, బ్లోపైప్‌తో 0.3. కదలకుండా 6 అంగుళాల లోపు నిలబడితే మాత్రం బ్లోపైప్‌దే పైచేయి: 3.9కి 2.2. కాబట్టి ఒకచోట కాపు కాసే యూనిట్‌కు బ్లోపైప్, తిరుగుతూ వేధించే యూనిట్‌కు ఈటె ఇవ్వాలి.

గట్టి చాటు (-2) వెనకున్న శత్రువు మీద దూరం నుంచి విసరకండి, ఈటెకూ 7+ అవుతుంది. 6 అంగుళాల లోపుకు వెళ్తే 6+తో విషం మళ్లీ పనిచేస్తుంది. కానీ ఆ దూరంలో ముందువైపు నిలబడితే ఛార్జ్ తప్పదు. మూవ్‌మెంట్ 4 ఉన్న పదాతిదళం కూడా 4కు రెండు పాచికలు కలుపుకుని వస్తుంది, సగటు 11 అంగుళాలు. అందుకే ముందే కొలుచుకుని, దాని ముందువైపు 90 డిగ్రీల పరిధి దాటి పక్కకో వెనక్కో చేరి విసరాలి.

మంచి కవచమున్న గుర్రపు యోధుల మీద ఈటెలు దండగ. విషం గాయాన్ని ఖాయం చేస్తుందే గానీ కవచాన్ని తొలగించదు, బలం 3 దాన్ని తగ్గించదు.