సెల్ఫ్ ప్రొపెల్డ్ లాన్ మోవర్ ముందుకు లాగడం లేదా? గేర్‌బాక్స్‌ను చివర్లో అనుమానించండి

ఇంజన్ చక్కగా తిరుగుతోంది. బ్లేడు గడ్డి కోస్తోంది. కానీ చక్రాలను నడిపించే డ్రైవ్ లివర్ ఎంత గట్టిగా నొక్కినా మెషిన్ ఉన్నచోటే ఉంటుంది, లేదా నత్తలా కదిలి కాస్త ఎత్తు రాగానే చతికిలపడుతుంది. ఇలాంటప్పుడు ఎవరి నోటైనా ముందు వచ్చే మాట "గేర్‌బాక్స్ పోయింది." మొత్తం డ్రైవ్‌లో అన్నిటికంటే ఖరీదైనదీ, విప్పడానికి అన్నిటికంటే కష్టమైనదీ అదే. తరచుగా పాడయ్యేవి మాత్రం వేరే: కేబుల్, బెల్టు, చక్రం లోపలి ప్లాస్టిక్ పళ్లు. కొండను తవ్వి ఎలుకను పట్టే పని పెట్టుకోకుండా వీటి దగ్గర మొదలుపెడదాం.

లివర్ నొక్కినప్పుడు లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి కళ్లముందుకు తెచ్చుకుంటే సగం సమస్య తేలిపోతుంది. లివర్ కేబుల్‌ను లాగుతుంది. ఆ కేబుల్ కొన్ని మోడళ్లలో గేర్‌బాక్స్‌ను కాస్త వంచి బెల్టును బిగిస్తుంది, మరికొన్నిటిలో గేర్‌బాక్స్ లోపలి క్లచ్‌ను కలుపుతుంది. బ్లేడుకు పైన, ఇంజన్ షాఫ్ట్ మీద ఉన్న పుల్లీ నుంచి ఆ బెల్టు గేర్‌బాక్స్ పుల్లీకి వెళుతుంది. గేర్‌బాక్స్ ఇరుసును తిప్పుతుంది. ఇరుసు రెండు కొసలకూ చిన్న పినియన్ గేర్లు ఉంటాయి, అవి చక్రం లోపలి పళ్లను పట్టుకుని తిప్పుతాయి. పినియన్ కింద, ఇరుసు గాడిలో, చిన్న ఇనుప కీ కూర్చుని ఉంటుంది. ఇరుసు ముందుకు తిరిగినప్పుడు అది పినియన్‌ను పట్టుకుంటుంది. మలుపులో బయటి చక్రం ఇరుసు కంటే వేగంగా తిరగాల్సి వస్తే వదిలేస్తుంది. వేలి గోరంత ఉండే ఈ ముక్క ఎన్ని తిప్పలు పెడుతుందో ముందు ముందు చూస్తారు.

పని మొదలుపెట్టే ముందు

పెట్రోల్ మెషిన్ అయితే ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి ప్లగ్‌కు తగలకుండా పక్కకు కట్టేయండి. బ్యాటరీ మెషిన్ అయితే బ్యాటరీ, సేఫ్టీ కీ రెండూ బయటికి తీయండి. చక్రాన్ని చేత్తో తిప్పి చూడటానికే కదా అని ఈ పని దాటేయకండి, బ్లేడు ఉన్నది మీ చేతికి జానెడు దూరంలోనే.

మెషిన్‌ను పక్కకు వంచాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ ఉన్న వైపు పైకి ఉండాలి. తిరగేసి వంచితే ఇంజన్‌లోని ఆయిల్ ఎయిర్ ఫిల్టర్‌లోకి దిగి, డ్రైవ్ బాగుచేసుకున్న ఆనందం మిగలకుండా ఇంజనే స్టార్ట్ కాదు. ట్యాంకులో పెట్రోల్ నిండుగా ఉంటే ముందు తీసేయండి.

లోపం ఎటువైపు ఉందో తేల్చే రెండు పరీక్షలు

మొదటిది: ఇంజన్ ఆపి ఉండగానే డ్రైవ్ లివర్ నొక్కి పట్టి మెషిన్‌ను వెనక్కి లాగండి. చాలా మోడళ్లలో డ్రైవ్ చక్రాలు రెండూ బిగుసుకుని నేల మీద ఈడ్చుకుపోవాలి. ఒకటి బిగుసుకుని రెండోది హాయిగా తిరిగితే లోపం ఆ తిరిగిన చక్రం దగ్గరే ఉంది, బెల్టు జోలికి వెళ్లనక్కర్లేదు. రెండూ తిరిగిపోతే తొందరపడి తీర్పు చెప్పకండి. కొన్ని డిజైన్లలో ఇంజన్ తిరగనప్పుడు లోపలి క్లచ్ దానంతట అదే వదిలేస్తుంది కాబట్టి రెండో పరీక్ష కూడా కావాలి.

రెండోదానికి ఇంకో మనిషి సాయం కావాలి. స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసే ఉందని మళ్లీ చూసుకోండి. డెక్ కింద ఇటుకలు పెట్టి డ్రైవ్ చక్రాలను గాల్లోకి లేపి, వాటిని విప్పేయండి, బెల్టు మీది కవర్ కూడా తీయండి. ఒకరు ఇంజన్ బ్రేక్ లివరూ (హ్యాండిల్ మీద, వదిలేస్తే ఇంజన్‌ను ఆపేసేది) డ్రైవ్ లివరూ రెండూ పట్టుకుని స్టార్టర్ తాడును నెమ్మదిగా లాగాలి. ఇంజన్ బ్రేక్ లివర్ పట్టుకోకపోతే ఫ్లైవీల్ (ఇంజన్ షాఫ్ట్ మీది బరువైన చక్రం) కదలదు, తాడు రాదు. రెండోవారు దూరంగా నిలబడి చూడాలి. బ్లేడు కూడా తిరుగుతుంది, అందుకే చేతులు, కాళ్లు డెక్ దరిదాపుల్లో ఉండకూడదు.

ఇరుసు, పినియన్ తిరుగుతుంటే గేర్‌బాక్స్ దాకా అంతా బాగున్నట్టు, లోపం చక్రాల్లో ఉంది. బెల్టే కదలకపోతే, లేదా ఇంజన్ పుల్లీ మీద జారుతుంటే లోపం బెల్టు, కేబుల్ వైపు ఉంది. గేర్‌బాక్స్ పుల్లీ తిరుగుతూ ఇరుసు తిరగకపోతే ముందు కేబుల్, తర్వాత పుల్లీ పిన్ను, అప్పుడు గేర్‌బాక్స్.

లక్షణం: అసలు కదలడం లేదు

లివర్ నొక్కితే చేతికి బరువు తెలియకుండా ఉత్తగా పడిపోతోందా? కేబుల్ తెగింది, లేదా కింది కొస కొక్కెం ఊడింది. హ్యాండిల్ మడిచి పెట్టే అలవాటు ఉంటే మడత దగ్గర కేబుల్ నలిగి ఉంటుంది, ముందు అక్కడే చూడండి. నలిగిన కేబుల్‌ను సాపు చేసి వాడటం వృథా, మార్చడమే.

లివర్ బరువుగా ఉన్నా మెషిన్ కదలకపోతే కవర్ తీసి బెల్టు చూడండి. తెగిన బెల్టు కనబడుతూనే ఉంటుంది. పుల్లీ నుంచి జారి పడి ఉంటే మళ్లీ ఎక్కించి సరిపెట్టకండి, ఎందుకు జారిందో చూడాలి. బెల్టు గైడ్ వంగి ఉండవచ్చు, పుల్లీ అంచు విరిగి ఉండవచ్చు, లేదా గతంలో ఎవరో బెల్టును గైడ్‌కు బయటి వైపు నుంచి వేసి ఉండవచ్చు.

బ్లేడు వేరుకో రాయికో గట్టిగా తగిలిన తర్వాతే డ్రైవ్ పోయిందా? కొన్ని మోడళ్లలో డ్రైవ్ పుల్లీ, బ్లేడును షాఫ్ట్‌కు పట్టి ఉంచే అడాప్టర్ ఒకే ముక్క. దెబ్బకు దాన్ని షాఫ్ట్‌కు బిగించి ఉంచే కీ (పినియన్ కింది కీ కాదు) తెగితే పుల్లీ షాఫ్ట్ మీద ఊరికే జారుతుంది. అదే దెబ్బకు ఫ్లైవీల్ కీ కూడా తెగి ఉంటే ఇంజన్ స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది, తాడు వెనక్కి కొడుతుంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే క్రాంక్‌షాఫ్ట్ (ఇంజన్ ప్రధాన షాఫ్ట్) వంగిందేమో కూడా చూపించుకోండి.

లక్షణం: కదులుతుంది గానీ బలం లేదు

ఎక్కువమంది పడే ఇబ్బంది ఇదే. సమతలంలో నడుస్తుంది, ఎత్తులో ఆగిపోతుంది. లేదా మొదటి పావుగంట బాగానే లాగి, వేడెక్కాక నీరసిస్తుంది.

ముందు కవర్ కింద పేరుకున్న గడ్డి తీయండి. తడిగడ్డి ఎండి అట్టకట్టి పుల్లీ చుట్టూ పట్టుకుంటే గేర్‌బాక్స్ పూర్తిగా వంగదు, బెల్టు బిగుసుకోదు. ఒక్కోసారి దీనితోనే పని అయిపోతుంది.

తర్వాత కేబుల్ సర్దుబాటు. కేబుల్ మీదో, హ్యాండిల్ దగ్గరో మరలున్న అడ్జస్టర్ ఉంటుంది. ఒకటి రెండు చుట్లు తిప్పి, నడిపి చూసి, అవసరమైతే మళ్లీ తిప్పండి. లివర్ వదిలేసినప్పుడు కేబుల్‌లో కొంచెం వదులు మిగిలి ఉండాలి. ఆ వదులు లేకుండా బిగిస్తే బెల్టు ఎప్పుడూ అరబిగువులో రాసుకుంటూ కాలిపోతుంది. లాగుతోంది కదా అని మరింత బిగించడమే చాలామంది చేసే తప్పు.

సర్దుబాటు చివరికి వచ్చినా బలం రాకపోతే బెల్టు సాగిపోయిందన్నమాట. వి ఆకారపు బెల్టుకు పట్టు పక్క అంచుల నుంచే వస్తుంది, అడుగు నుంచి కాదు. అంచులు అరిగి బెల్టు పుల్లీ గాడి అడుగుకు తగిలితే ఇక ఎంత బిగించినా జారుతుంది. పక్కలు అద్దంలా మెరుస్తుంటే కాలిందని అర్థం. పగుళ్లు, ఆయిల్ మరకలు ఉన్నా మార్చండి. ఆయిల్ ఉంటే అది ఎక్కడి నుంచి కారుతోందో కనుక్కోకుండా కొత్త బెల్టు వేయకండి. బెల్టుకు పట్టు పెంచుతామనే స్ప్రేలు నాకు నచ్చవు, రెండు రోజుల ముచ్చట అయ్యాక దుమ్ము అంతా దానికే అంటుకుంటుంది.

కొలత సరిపోయిందని ఏదో ఒక బెల్టు వేయకూడదు. ప్రతిసారి కలిసి విడిపోయే డ్రైవ్‌కు లోపల అరామిడ్ నారతో చేసిన, జారుడును తట్టుకునే బెల్టు కావాలి. మామూలు ఫ్యాన్ బెల్టు తొందరగా పోతుంది. డెక్ మీది స్టిక్కర్‌లో ఉన్న మోడల్ నంబరుతో పార్టు నంబరు వెతకండి. చాలా మోడళ్లలో బెల్టు తీయాలంటే ముందు బ్లేడు తీయాలి. గ్లౌజులు వేసుకుని, బ్లేడు తిరగకుండా చెక్కముక్క అడ్డం పెట్టి విప్పండి. తిరిగి బిగించేటప్పుడు టార్క్ ఎంతో మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచ్‌తోనే బిగించండి.

అన్నీ బాగున్నా లాగకపోతే టైర్లు చూడండి. ప్లాస్టిక్ చక్రం గీతలు అరిగి నున్నగా అయితే ఇరుసు తిరుగుతూనే ఉంటుంది, చక్రం గడ్డి మీద జారుతుంది. ముందు చక్రాల డ్రైవ్ ఉన్న మెషిన్‌లో అసలు లోపమే లేకపోవచ్చు: వెనక గడ్డి సంచి నిండే కొద్దీ ముందు భాగం తేలికై పట్టు తప్పుతుంది. సంచి ఖాళీ చేసి చూడండి. హ్యాండిల్ మీద వాలి నడిచే అలవాటుకూ ఇదే ఫలితం.

లక్షణం: ఒక చక్రమే లాగుతోంది, టకటకమని శబ్దం

మెషిన్ ఒక పక్కకు పోతూ, బరువు పడగానే టకటకమంటే పళ్లు జారుతున్నాయి. ఆ చక్రం విప్పండి. లోపలి పళ్లు గుండ్రంగా అరిగిపోయో, ఒకచోట వరసగా రాలిపోయో కనిపిస్తాయి. పినియన్ పళ్లను కూడా వేలితో తడమండి, కత్తి అంచులా పదునెక్కి ఉంటే అది కూడా అయిపోయినట్టే. చక్రం, పినియన్ రెండూ కలిపి మార్చాలి. అరిగిన పినియన్ కొత్త చక్రాన్ని తొందరగా కొరికేస్తుంది.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి. ఒకే చక్రం పళ్లు రెండుసార్లు పోయాయి, రెండుసార్లూ కొత్తది వేశాను, తయారీ నాసిరకమని తిట్టుకున్నాను. మూడోసారి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే కటకటలాడింది. లోపలి బుష్ (ఇరుసు మీద చక్రం కూర్చునే గొట్టంలాంటి ముక్క) అరిగి చక్రం వంకరగా కూర్చుంటోంది, పళ్లు సగమే పట్టుకుంటున్నాయి. బుష్ మార్చాక ఆ చక్రం ఇంకా నడుస్తూనే ఉంది. కాబట్టి పళ్లు మార్చే ముందు చక్రాన్ని ఊపి చూడండి. ఎత్తు సర్దుబాటు చక్రానికో లివర్‌గా ఉంటే రెండు పక్కలా ఒకే గాటులో ఉన్నాయో లేదో కూడా చూడండి, పైకి లేచి ఉన్న చక్రం నేలను సరిగా తాకదు.

పళ్లన్నీ బాగున్నా చక్రం లాగకపోతే పినియన్ కింది కీ చూడాలి. పినియన్‌ను పట్టి ఉంచే సర్క్లిప్ (స్ప్రింగులాంటి రింగు) తీసేటప్పుడు పైన ఒక గుడ్డ కప్పండి, లేకపోతే అది ఎగిరి గడ్డిలో పడి మళ్లీ దొరకదు. కీ అంచులు గుండ్రబడినా, బురదతో గాడిలో ఇరుక్కుపోయినా పినియన్‌ను పట్టదు. శుభ్రం చేసి, అరిగితే మార్చండి. గ్రీజు దట్టంగా పూయకండి, దుమ్ము దానికే అంటుకుని కీ మళ్లీ ఇరుక్కుంటుంది. ఒక పక్క పూర్తి చేశాకే రెండో పక్క విప్పండి: చాలా మోడళ్లలో కుడి పినియన్ వేరు, ఎడమ వేరు. అటూ ఇటూ మారిస్తే ఇరుసు తిరుగుతుంది, చక్రం తిరగదు.

లక్షణం: వెనక్కి లాగితే చక్రాలు బిగుసుకుంటున్నాయి

లివర్ వదిలిన వెంటనే ఇలా కావడం కొన్ని మోడళ్లలో మామూలే. ఒక అడుగు ముందుకు తోసి తర్వాత వెనక్కి లాగితే కీ వదులుతుంది. అప్పటికీ వదలకపోతే పైన చెప్పినట్టు కీని శుభ్రం చేయండి, కేబుల్ మరీ బిగువుగా ఉందేమో చూడండి.

లక్షణం: లివర్ వదిలినా ఆగడం లేదు

ఇది మాత్రం వాయిదా వేయకూడదు. బాగయ్యేదాకా మెషిన్ వాడకండి. కేబుల్ అతిగా బిగించి ఉండవచ్చు, లోపల తుప్పు పట్టి వెనక్కి జారకపోవచ్చు, లేదా గేర్‌బాక్స్‌ను వెనక్కి లాగే స్ప్రింగు ఊడి ఉండవచ్చు. కింది కొసను విడదీసి కేబుల్‌ను చేత్తో అటూ ఇటూ జరపండి. గరగరలాడితే మార్చేయండి. నీళ్ల పైపుతో కడిగే అలవాటు ఉన్నవాళ్లకు ఇది తరచుగా వస్తుంది.

గేర్‌బాక్స్ వంతు

పుల్లీ తిరుగుతోంది, కేబుల్ పూర్తిగా లాగుతోంది, అయినా ఇరుసు కదలడం లేదు. అప్పుడు కూడా పుల్లీని షాఫ్ట్‌కు పట్టి ఉంచే పిన్ను తెగిందేమో చూడండి: పుల్లీ తిరిగినా దాని మధ్యలోని షాఫ్ట్ తిరగకపోతే తప్పు పుల్లీదే. షాఫ్ట్ కూడా తిరుగుతుంటేనే లోపలి గేర్లు అరిగినట్టు. గరగరమని నలిగే శబ్దం, ఇరుసు దగ్గర గ్రీజు కారడం తోడైతే ఇక సందేహం లేదు. చాలా గేర్‌బాక్సులు సీలు చేసి వస్తాయి, విప్పి బాగుచేయడం కంటే మొత్తం మార్చడం సులువు.

బ్యాటరీ మెషిన్లలో డ్రైవ్‌కు ప్రత్యేకంగా ఒక మోటారు ఉంటుంది, బెల్టు లేకపోవచ్చు. చక్రం పళ్లు, పినియన్ల కథ మాత్రం అక్కడా అదే. కాసేపు నడిచి ఆగి, చల్లారాక మళ్లీ నడుస్తుంటే వేడి నుంచి కాపాడే కట్-ఆఫ్ పనిచేస్తోందని అర్థం. ఇరుసుకు చుట్టుకున్న గడ్డి, బిగుసుకున్న చక్రం లాంటివి మోటారుకు భారం పెంచుతున్నాయేమో వెతకండి.

కొత్త బెల్టు వేశాక మొదటి కోతల్లో అది కాస్త సాగుతుంది. రెండు మూడుసార్లు వాడాక కేబుల్ అడ్జస్టర్‌ను మళ్లీ ఒకసారి సరిచూసుకోండి.